రంగులరాట్నం ఆర్గన్ రికార్డింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేరీలాండ్‌లోని గ్లెన్ ఎకో పార్కుకు పిల్లలను తీసుకెళ్లినవాళ్లలో కొందరు రంగులరాట్నాన్ని మరచిపోయి, దాని పక్కన మోగే పెట్టెను, అంటే బ్యాండ్ ఆర్గన్‌ను, గుర్తుపెట్టుకుని వస్తారు. ఆ తరువాత నాకు ఫోను చేస్తారు. ఏళ్ల తరబడి అడిగేవి అవే ప్రశ్నలు కాబట్టి, చెప్పిందే చెప్పే ఓపిక తగ్గి ఇలా రాసిపెట్టాను. ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. ఇక్కడ రంగులరాట్నం అంటే గుర్రాలు వరుసగా అమర్చి నేలకు సమాంతరంగా తిరిగేది. మన జాతరల్లో అదే పేరుతో పిలిచే జెయింట్ వీల్ కాదు.

## వినడం మొదలుపెట్టే ముందు

బ్యాండ్ ఆర్గన్ అంటే ఏమిటి? చర్చిలో వాయించేదే కదా?

బంధుత్వం ఉంది, స్వభావం వేరు. రెండింటిలోనూ గాలితో మోగే గొట్టాలే ఉంటాయి. చర్చి ఆర్గన్‌ను మనిషి కూర్చుని వాయిస్తాడు. బ్యాండ్ ఆర్గన్‌కు వాయించే మనిషి లేడు. చిల్లుల కాగితమో, చిల్లులు కొట్టి మడతలుగా పేర్చిన అట్టల పుస్తకమో దాని చేత వాయింపజేస్తుంది. ఆరుబయట, జనం గోలలో, తిరిగే యంత్రం చప్పుడును మించి వినిపించాలి కాబట్టి గాలి ఒత్తిడి బాగా ఎక్కువగా పెడతారు. పేరుకు తగ్గట్టే ఇది ఒక బ్యాండు మేళానికి బదులుగా పుట్టింది: ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్, ఫ్లూట్, వయొలిన్ పేర్లతో గొట్టాలు, వాటి పక్కన పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము, తాళాలు. పదిమంది వాద్యగాళ్లకు రోజూ జీతమూ భోజనమూ పెట్టే బాధ తప్పుతుందని రాట్నాల యజమానులు దీన్ని కొనేవారు.

దీన్నే కలయోపి అని కూడా అంటారా?

అనరు, కానీ సగం మంది అలాగే పిలుస్తారు. కలయోపి ఆవిరి ఈలల వాద్యం. జాషువా స్టాడర్డ్ 1855లో అమెరికాలో దానికి పేటెంటు తీసుకున్నాడు. తరువాత గాలితో మోగేవి కూడా వచ్చాయి. దానిలో ఉండేవి ఈలలు మాత్రమే, అందుకే అది రైలు కూతలా ఒకే రకంగా చెవిలో గుచ్చుకుంటుంది. రికార్డింగులో సన్నాయి లాంటి పీక గొంతు, దాని కింద డ్రమ్ము వినిపిస్తే అది కలయోపి కాదు.

కాగితానికి చిల్లులు పెడితే పాట ఎలా వస్తుంది?

చిల్లు ఉన్నచోట గాలికి దారి దొరుకుతుంది. రహస్యం అంతే. కాగితం చుట్ట ఒక ఇత్తడి పట్టీ మీదుగా జారుతుంది. ఆ పట్టీకి వరుసగా సన్నని రంధ్రాలు, ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో సన్నని గొట్టం. కాగితం మీది చిల్లు ఒక రంధ్రం ఎదురుగా రాగానే లోపల గాలి కదులుతుంది, తోలుతో చేసిన ఒక చిన్న పొర ఉబ్బి వాల్వును తెరుస్తుంది, గొట్టం మోగుతుంది. చిల్లు పొడుగ్గా ఉంటే స్వరం సాగుతుంది, చిన్నచిన్నవి వరుసగా ఉంటే డ్రమ్ము దరువు. కొన్ని చిల్లులు స్వరానివి కావు. "ఇప్పుడు ట్రంపెట్లు ఆపు", "ఇప్పుడు గంటలు కలుపు" అనే ఆజ్ఞలు అవి.

ఆర్గన్ వెనుక తలుపు తీసి ఉన్నప్పుడు ఒకసారి దగ్గరగా చూశాను. కాగితం అంచు వెంట సన్నని తెల్లని పొడి, పట్టీ మీద దశాబ్దాల రాపిడికి అద్దంలా మెరిసే ఒక గీత. తోలు పొర ఒకటి గట్టిపడి, దాని స్వరం ప్రతిసారీ ఒక రవ్వ ఆలస్యంగా పలుకుతోంది. ఆ ఆలస్యం ఆ వారం తీసిన ప్రతి రికార్డింగులోనూ ఉంది.

కాగితానికి ముందు మేకులు దిగ్గొట్టిన చెక్క పీపాలు ఉండేవి. పీపా మీద ఉన్న పాటలు తప్ప కొత్తవి రావు, కొత్తవి కావాలంటే ఇంకో పీపా కొనాలి. పారిస్‌లోని గావియోలి సంస్థ 1892లో మడత అట్టల పుస్తకానికి పేటెంటు తీసుకున్నాక ఆ కట్టు తెగిపోయింది.

ఎంతసేపు విన్నా ఒకే గట్టితనంతో మోగుతుంది. రికార్డింగు లోపమా?

కాదు. హార్మోనియంలో తిత్తి నెమ్మదిగా నొక్కితే గొంతు తగ్గుతుంది. ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు ఎప్పుడూ ఒకటే. ఒక గొట్టం మోగితే పూర్తిగా మోగుతుంది, లేదా మూసుకుంటుంది. అందుకే కాగితం తయారుచేసేవాళ్లు గొట్టాల వరుసలను కలుపుతూ తీసేస్తూ వెలుగునీడలు తెచ్చేవారు. ఒక చరణం ఫ్లూట్లకు, తరువాతిది మొత్తం మేళానికి. మంచి అమరిక ఏదో ఇక్కడే తెలిసిపోతుంది. ముందునుంచి చివరిదాకా అన్నీ మోగుతుంటే, ఆ అమరిక చేసినవాడికి బద్ధకం అనుకోండి.

అమెరికా ఆర్గన్లకూ యూరప్ ఆర్గన్లకూ తేడా ఏమిటి?

పుట్టుక ఒకటే. జర్మనీలోని వాల్డ్‌కిర్ష్ అనే చిన్న పట్టణంలో బ్రూడర్, రూత్ కుటుంబాలు, పారిస్‌లో గావియోలి, లిమొనేర్ సంస్థలు ఈ విద్యకు పెద్ద ఇళ్లు. అమెరికాలో దిగుమతి సుంకాలు పెరిగాక అక్కడే తయారుచేయించాలని రాట్నాలు కట్టే ఆర్మిటేజ్-హెర్షెల్ సంస్థ పూనుకుంది. అలా యూజీన్ డి క్లైస్ట్ 1893లో న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ టోనవాండాలో కర్మాగారం పెట్టాడు. 1909లో అది వుర్లిట్జర్ అనే వాద్యాల సంస్థ చేతికి వచ్చింది. యూరప్ పెద్ద ఆర్గన్లలో ఎక్కువగా అట్ట పుస్తకాలు, నగిషీల ముఖభాగం, చేతులూపే బొమ్మలు. అమెరికావి చాలావరకు కాగితం చుట్టలతో నడుస్తాయి, చూడ్డానికి సాదా. నా చెవికి వాల్డ్‌కిర్ష్ ఆర్గన్లు మెత్తగా, లోతుగా పలుకుతాయి. చిన్న వుర్లిట్జర్లు పెళ్లి ఊరేగింపులో ముందు నడిచే బ్యాండులా పలుకుతాయి. రెండోదీ నాకు ఇష్టమే.

## వెతికేటప్పుడు, కొనేటప్పుడు

ఒకే పాటకు ఎన్నో రికార్డింగులు కనిపిస్తున్నాయి. దేన్ని తీసుకోవాలి?

పాట పేరు చూసి కొనకండి. మూడు సంగతులు చూడండి: ఏ ఆర్గన్, ఏ రోల్ (అంటే ఏ కాగితం చుట్ట), ఏ ఏడాది రికార్డు చేశారు. ఒకే కాగితం చుట్టను రెండు ఆర్గన్లకు ఎక్కిస్తే రెండు వేర్వేరు మేళాలు వాయించినట్టు ఉంటుంది. ఒకే ఆర్గన్‌ను మరమ్మతుకు ముందు, తరువాత రికార్డు చేసినా అంతే. ఈ వివరాలేవీ లేకుండా "ఆనాటి రాట్నం సంగీతం" అని మాత్రమే రాసి అమ్మేవాటిని నేను ముట్టుకోను. ఒకసారి అలా కొన్న డిస్కులో పన్నెండు పాటలకు గాను ఎనిమిది ఒకే ఎలక్ట్రానిక్ కీబోర్డు పలుకులు.

'వుర్లిట్జర్ 165' అని రాసి ఉంది. ఆ నంబరు దేనికి?

అది నమూనా సంఖ్య. దానితోపాటు రోల్ సంఖ్య కూడా తెలుసుకుంటే మంచిది, ఎందుకంటే రెండూ ఎప్పుడూ ఒకటి కావు. 105, 125 నమూనాల చిన్న ఆర్గన్లు రెండూ 125 రోల్‌నే వాయిస్తాయి. రాట్నాల దగ్గర తరచుగా కనిపించే 146, 153 నమూనాలు 150 రోల్‌తో నడుస్తాయి. 165 పెద్దది, దానికి దాని సొంత రోల్. వాల్డ్‌కిర్ష్‌లోని గెబ్రూడర్ బ్రూడర్ ఆర్గన్‌ను చూసి తయారుచేసిన నమూనా కావడంతో దానిలో గొట్టాల వైవిధ్యమూ, గంటలూ ఎక్కువ. మొదటిసారి వినేవాళ్లకు నేను 165తోనే మొదలుపెట్టమంటాను. గ్లెన్ ఎకోలో డెంట్జెల్ సంస్థ తయారుచేసిన 1921 నాటి రాట్నం పక్కన ఉన్నది 1926 నాటి 165.

ఎక్కడి ఆర్గన్ల రికార్డింగులు వెతికితే బాగుంటుంది?

కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ సముద్రతీరపు రాట్నం 1911 నాటిది, దాని పక్కన మోగే రూత్ ఆర్గన్ 1894 నాటిది. కొలరాడోలోని బర్లింగ్టన్ ఊళ్లో 1905 నాటి రాట్నానికి తోడుగా 1909 నాటి వుర్లిట్జర్ 'మాన్‌స్టర్' ఉంది. పేరుకు తగిన గొంతు. యూరప్ వైపు వెళ్లాలంటే నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో స్పీల్‌క్లాక్ మ్యూజియం, వాల్డ్‌కిర్ష్‌లో ఆర్గన్ ఉత్సవం అని వెతకండి. పాత ఎల్పీల మోజు ఉంటే, మిస్సోరీలోని సైక్‌స్టన్‌లో పాల్ ఈకిన్స్ పోగుచేసిన ఆర్గన్లతో వచ్చిన డిస్కులు పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ తగులుతాయి.

న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ దగ్గర సీబ్రీజ్ పార్కులో 1994లో మంటలు చెలరేగి రాట్నంతోపాటు ఆర్గన్ కూడా బూడిదైంది. అంతకుముందు అక్కడ తీసిన రికార్డింగు దొరికితే, నాణ్యత ఎలా ఉన్నా వదలకండి.

ఇది నిజమైన ఆర్గనా, కంప్యూటర్‌లో చేసిందా? ఎలా కనిపెట్టాలి?

పాట మొదలయ్యే ముందు రెండు సెకన్లు వినండి. నిజమైనదానిలో గాలి పంపు ఊపిరి వినిపిస్తుంది, తిత్తి మూలుగుతుంది, కాగితం కదులుతుంది. తరువాత చిన్న డ్రమ్ము మీద దృష్టి పెట్టండి. కంప్యూటర్ దరువులో ప్రతి దెబ్బా ఒకే అచ్చు. అసలుదానిలో రెండు దెబ్బలు ఒకలా ఉండవు. ఒకేసారి పెద్ద స్వరాలు పడినప్పుడు గాలి కొంచెం తగ్గి మొత్తం శ్రుతి ఒక క్షణం కుంగుతుంది. దీన్ని కొందరు లోపం అంటారు. నాకు అదే ప్రాణం. అయితే ఒక తిరకాసు ఉంది: ఈ మధ్య చాలా నిజమైన ఆర్గన్లకు కాగితం బదులు మిడి (స్వరాలను కంప్యూటరు ఆజ్ఞలుగా పంపే పద్ధతి) పరికరం బిగించారు. గొట్టాలు నిజమైనవే, గాలి నిజమైనదే, ఆజ్ఞలిచ్చేది మాత్రం కంప్యూటరు. దాన్ని నకిలీ అనడం అన్యాయం.

రాట్నం దగ్గర ఆర్గన్ కనిపించింది కానీ పాట స్పీకరులోంచి వస్తున్నట్టు అనిపించింది. అలా జరుగుతుందా?

జరుగుతుంది. మరమ్మతు ఖర్చు భరించలేక ముఖభాగాన్ని అలంకారంగా ఉంచి, వెనుక రికార్డింగు వేసేచోట్లు ఉన్నాయి. డ్రమ్ము కర్రలు కదులుతున్నాయో లేదో చూడండి, చాలు.

ఎక్కడ విన్నా వినిపించే ఆ ఊగే రాగం ఎవరిది?

చాలామంది మనసులో ఉండేది 'సోబ్రే లాస్ ఓలాస్' అనే వాల్ట్జ్, అంటే మూడు దరువుల నాట్య సంగీతం. ఆ పేరుకు అలల మీద అని అర్థం. మెక్సికోకు చెందిన హువెంతినో రోసాస్ 1888లో అచ్చువేయించాడు. వియన్నా స్వరం అనుకుని స్ట్రాస్ ఖాతాలో వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాని తరువాతి స్థానం అమెరికా బ్యాండు స్వరకర్త జాన్ ఫిలిప్ సూసా రాసిన మార్చ్‌లది, అంటే కవాతు పాటలది. తమాషా ఏమిటంటే, యంత్ర సంగీతం మనుషుల సంగీతాన్ని చంపేస్తుందని 1906లో మండిపడుతూ వ్యాసం రాసింది ఈ సూసాయే.

తెలుగు పాటలు ఆర్గన్ మీద ఉన్నాయా?

నా చెవిన పడలేదు. చేయడం మాత్రం సాధ్యమే. ఎవరైనా స్వరాలను మిడిలో అమర్చి, దాన్ని కాగితం మీద చిల్లులుగా కొట్టించవచ్చు. చిక్కు గమకంతో వస్తుంది. గొట్టం ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారదు. పైగా చిన్న ఆర్గన్లలో పన్నెండు స్వరాలూ ప్రతి స్థాయిలోనూ ఉండవు, ముఖ్యంగా మంద్రంలో. తోడి రాగం మాట తలపెట్టకండి. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాలు మాత్రం చేతికి తొడుగులా సరిపోతాయి. అవి శంకరాభరణం స్వరాల్లో, గమకాలు లేకుండా, బ్యాండు నడకలోనే ఉంటాయి కదా. ఎవరైనా పూనుకుంటే కాగితం ఖర్చులో సగం నాది.

## మీరే రికార్డు చేయాలనుకుంటే

ఫోనుతో తీస్తే శబ్దం పగిలిపోతోంది. ఏం చేయాలి?

ఫోను తనంతట తాను శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. డ్రమ్ము పడగానే మిగతా గొట్టాలన్నీ నీళ్లలో మునిగినట్టు అవుతాయి. ఆ స్వయంచాలక నియంత్రణను ఆపే యాప్ వాడండి, లేదా చేతిలో పట్టే చిన్న రికార్డరు కొనండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టి, అతి గట్టి దెబ్బ కూడా మైనస్ 12 డెసిబెల్ దాటకుండా స్థాయి తగ్గించండి. తక్కువైతే ఇంట్లో పెంచుకోవచ్చు, పగిలినదాన్ని అతికించలేం.

ఎక్కడ నిలబడాలి?

ఆర్గన్‌కు ఎదురుగా, పెద్ద డ్రమ్ముకు కొంచెం దూరంగా. చాలా ఆర్గన్లలో పెద్ద డ్రమ్ము ఒక పక్కన, చిన్నది ఇంకో పక్కన ఉంటాయి. ఏదో ఒకదాని పక్కన నిలబడితే పాటంతా అదే అవుతుంది. నేను ముందు చెవులతో నాలుగడుగుల చొప్పున వెనక్కి జరుగుతూ వింటాను. ఫ్లూట్లు, డ్రమ్ము ఒకే బరువుతో వినిపించిన చోట ఆగుతాను. సాధారణంగా అది నాలుగైదు మీటర్ల దూరం. ఇంకా వెనక్కి వెళితే పైకప్పు ప్రతిధ్వని పాటను మింగేస్తుంది. పొద్దున్న పార్కు తెరవగానే వెళ్లండి. చెవులకు రక్షణ పెట్టుకోండి, పిల్లలకు తప్పనిసరిగా.

రాట్నం తిరుగుతున్నప్పుడు తీయాలా, ఆగినప్పుడా?

ఆగినప్పుడు తీస్తే ఆర్గన్ శుభ్రంగా దొరుకుతుంది, మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నట్టు. తిరిగేటప్పుడు తీస్తే గేర్ల ఘోష, గుర్రాల కడ్డీల కిర్రుకిర్రు, "అమ్మా, ఇంకోసారి" అనే పిల్ల గొంతు కూడా వస్తాయి. అమరికను అధ్యయనం చేసేవాళ్లకు మొదటిది. నాకు రెండోది. వీలైతే రెండూ తీయండి.

మధ్యాహ్నం తీసిన రికార్డింగులో శ్రుతి తప్పినట్టు ఉంది. ఆర్గన్ చెడిపోయిందా?

ఎండ పని. గాలి వేడెక్కితే దానిలో శబ్దవేగం పెరుగుతుంది, ఫ్లూట్ రకం గొట్టాల శ్రుతి ఎక్కుతుంది. పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే సుమారు 1.7 శాతం, అంటే ఒక అరస్వరంలో మూడో వంతుకు కొంచెం తక్కువ. అన్నీ కలిసి ఎక్కితే ఎవరికీ తెలియదు. కానీ పీక ఉన్న ట్రంపెట్ గొట్టాలు అంతగా ఎక్కవు, ఉక్కు గంటలు దాదాపు కదలవు. జూలై మధ్యాహ్నం గంటలు మోగినప్పుడల్లా పళ్లు పులిసినట్టు ఉండేది అందుకే. అదే ఆర్గన్‌ను మర్నాడు పొద్దున్న పదింటికి వింటే ఏ తేడా ఉండదు.

పాట అయిపోగానే చాలాసేపు నిశ్శబ్దం. రికార్డరు ఆపేయాలా?

ఒక రోల్‌లో సాధారణంగా పది పాటలు. అవి అయిపోతే కాగితం వెనక్కి చుట్టుకోవాలి, అందుకే ఆ విరామం. రెండు రోళ్లు పక్కపక్కన ఉండే ఆర్గన్లలో ఒకటి చుట్టుకుంటుండగా ఇంకోటి వాయిస్తుంది. ఆపకండి. ఆ వెనక్కి చుట్టుకునే గరగర ఎవరూ రికార్డు చేయరు. పదేళ్ల తరువాత దాని కోసమే వెతుకుతారు.

## పాత డిస్కులు, టేపులు ఇంట్లో ఉంటే

పాత ఎల్పీ దొరికింది. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

ముందు కడగండి. దుమ్ముతో ఆడించిన ఎల్పీకి ఆ చప్పుళ్లు శాశ్వతం. తరువాత సూది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత డిస్కుకు వెడల్పాటి సూది కావాలి, ఎల్పీ సూదితో ఆడిస్తే గాడి అడుగు మాత్రమే గీరుతుంది. ఎక్కించిన మొదటి ఫైలును ఏమీ మార్చకుండా ఒకచోట దాచండి. మార్పులన్నీ నకలు మీదే.

వేగం సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఆర్గన్‌కు శ్రుతి ఇంత అని లేదు కదా.

లేదు, అందుకే స్వరంతో సరిచూడటం కుదరదు. పాత రికార్డింగుల అడుగున కరెంటు గుంయ్ మనే మోత ఉంటుంది. అమెరికాలో తీసినదైతే అది 60 హెర్ట్జ్, యూరప్‌లో 50. పాటల మధ్య నిశ్శబ్దంలో ఆ మోతను స్పెక్ట్రమ్‌లో (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే పటంలో) చూసి, 60కి బదులు 58.5 కనిపిస్తే డిస్కు నెమ్మదిగా తిరిగిందని అర్థం. అయితే మీ ఇంటి పరికరం మోత కాదని ముందు తేల్చుకోండి. రోల్ చివరికి వచ్చేసరికి పాటలు కొంచెం పరుగెడుతున్నట్టు ఉంటే దాన్ని మాత్రం సరిచేయకండి. చుట్టుకునే కడ్డీ మీద కాగితం లావెక్కేకొద్దీ లాగే వేగం పెరగడం యంత్రం సహజగుణం.

గరగర పూర్తిగా తీసేయవచ్చా?

తీసేస్తే తాళాలూ పోతాయి. చప్పుడు తగ్గించే సాఫ్ట్‌వేరుకు తాళాల ఝల్లు, గొట్టం మొదట్లో వచ్చే గాలి ఊపిరి, డిస్కు గీత అన్నీ ఒకటే. పెద్ద టిక్కులను ఒక్కొక్కటిగా చేత్తో తీయండి, మిగతాదాన్ని వదిలేయండి.

## పదిమందికీ పంచేటప్పుడు

పాటకు నూరేళ్లు దాటాయి. రికార్డింగును పెట్టుకోవచ్చు కదా?

పాట హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు. రోసాస్ 1894లో పోయాడు, ఆయన వాల్ట్జ్ ఎవరి సొత్తూ కాదు. దాన్ని 1962లో ఒక సంస్థ ఎల్పీగా విడుదల చేసి ఉంటే ఆ రికార్డింగు వేరే సొత్తు. అమెరికా చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి 14 వరకు వచ్చిన రికార్డింగులకు 2067 ఫిబ్రవరి 15 దాకా రక్షణ ఉంది. భారత చట్టం ప్రకారం రికార్డింగు విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి అరవై ఏళ్లు. మీరు ఎక్కడ ఉన్నారు, ఎక్కడ పెడుతున్నారు అనేదాన్నిబట్టి లెక్క మారుతుంది.

మొదట్లో ఈ రోళ్లకు హక్కుల గొడవే లేదు. చిల్లుల కాగితాన్ని మనిషి చదవలేడు కాబట్టి అది సంగీతానికి నకలు కాదని 1908లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే చట్టం మార్చి నకలుకు రెండు సెంట్లు కట్టాలన్నారు.

నేను సొంతంగా తీసిన వీడియోకు హక్కుల నోటీసు వచ్చింది. ఎలా?

ఒకే రోల్, ఒకే రకం ఆర్గన్ అయితే రెండు రికార్డింగులు దాదాపు ఒకలా ఉంటాయి. సరిపోల్చే యంత్రం మీ వీడియోను ఎవరి డిస్కో అనుకుంటుంది. ఎక్కడ, ఏ తేదీన, ఏ పరికరంతో తీశారో రాసి అభ్యంతరం పంపండి. నాకు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ వెనక్కి తీసుకున్నారు. ఒకసారి ఆ డిస్కు నేను తయారుచేసినదేనని తేలింది.

ఫైలుకు పేరు ఎలా పెట్టాలి?

ఊరు, పార్కు, ఆర్గన్ తయారీదారు, నమూనా, రోల్ సంఖ్య, పాట, తేదీ, ఉష్ణోగ్రత. రోల్ పెట్టె మీది చీటీని ఫోటో తీసి ఫైలుతోపాటు ఉంచండి. చీటీలో ఉన్న పాటల వరుసకూ కాగితం మీది వరుసకూ తేడా ఉంటే, ఉన్నది ఉన్నట్టు రెండూ రాయండి.